నూరేళ్ల తేదీలు తెలిసిన గడియారమా!

నిరంతర క్యాలెండరు గడియారమా, నీకు నమస్కారం. చేతికి కట్టుకునే వస్తువుల్లో నీ అంత చదువుకున్నది మరొకటి లేదు. ఏ నెలకు ముప్పై రోజులో, ఏ నెలకు ముప్పై ఒకటో నీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఫిబ్రవరి ఏ ఏడు ఇరవై ఎనిమిదితో ఆగుతుందో, ఏ ఏడు ఇరవై తొమ్మిది దాకా వెళ్తుందో నీకు తెలుసు. బ్యాటరీ లేదు, చిప్పు లేదు, ఉపగ్రహంతో పనిలేదు. ఉక్కు, ఇత్తడి, ఒక స్ప్రింగు, వాటి వెనక మూడు శతాబ్దాల పనితనం.

మన కవులు దేవుణ్ణి తిడుతూ పొగిడారు. కృష్ణా జిల్లా శ్రీకాకుళంలో వెలసిన ఆంధ్ర మహావిష్ణువును కాసుల పురుషోత్తమ కవి ఆంధ్రనాయక శతకంలో అలాగే కొలిచాడు. నిన్ను మాత్రం పొగుడుతూ నిలదీయాలి. గుంటూరు, ప్రకాశం నల్లరేగడి మీద నిలబడి ఆ పని చేస్తున్నాను. ఇక్కడ నేననే ప్రతి పొగడ్తా నిజం. అన్నీ అయ్యాక నీ పేరున ఎంత తప్పుందో, నిన్ను నెత్తిన పెట్టుకున్న మా పేరున ఎంతుందో లెక్క తేలుతుంది.

ముందు నీ జ్ఞాపకశక్తికి దండం పెట్టాలి. పద్దెనిమిదో శతాబ్దంలో లండన్‌లో థామస్ మడ్జ్ నిన్ను జేబు గడియారంలో ఇమిడ్చాడు. 1925లో జెనీవాలోని పాటెక్ ఫిలిప్ కంపెనీ నిన్ను మణికట్టు మీదికి తెచ్చింది. నీ డయల్ కింద దాగిన చక్రాన్ని చూసినవాడు నిన్ను తేలిగ్గా మాట్లాడలేడు. నీ జాతిలో చాలావాటిలో ఆ చక్రం ఒక చుట్టు తిరగడానికి నాలుగేళ్లు పడుతుంది. దాని అంచున నలభై ఎనిమిది నెలలకు నలభై ఎనిమిది మెట్లుంటాయి. ముప్పై ఒకటి ఉన్న నెలకు అంచు ఎత్తుగానే ఉంటుంది. ముప్పై ఉన్న నెలకు చిన్న గాటు. ఫిబ్రవరికి లోతైన గాటు. లీపు ఫిబ్రవరికి ఆ లోతు ఒక పిసరు తక్కువ. నెలాఖరు అర్ధరాత్రి ఒక లివరు ముక్కు ఆ గాట్లోకి దిగుతుంది. ఎంత లోతుకు దిగితే తేదీ చక్రాన్ని అంత ఎక్కువ ముందుకు తోస్తుంది. నాలుగేళ్ల కాలాన్ని గోరంత లోహంలో చెక్కిన చేతులకు మొక్కాల్సిందే.

నీకున్న ఒకే ఒక్క తప్పటడుగు కూడా ముందే తెలిసింది. 2100 లీపు సంవత్సరం కాదు. ఆ మార్చి ఒకటిన నీ జాతిలో చాలావాటికి ఒక్క రోజు సరిచేయాల్సి వస్తుంది. షాఫ్‌హౌజెన్‌లోని ఐడబ్ల్యూసీ కంపెనీ వాళ్లు 2024లో ఆ లోటు కూడా తీర్చారు. నాలుగు వందల ఏళ్లకు ఒకసారి తిరిగే చక్రం అమర్చి, ఆ నూరేళ్ల మలుపుల్ని కూడా నీకు నేర్పారు. ఇప్పుడు బతికున్నవాళ్లలో చాలామంది చూడని ఒక ఫిబ్రవరి కోసం ఇంత శ్రద్ధ పెట్టడం గొప్ప సంగతే.

అదే శ్రద్ధతో మా కౌలు కాగితం చూడు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలుదారు ఒప్పందానికి గడువు పదకొండు నెలలు. ఆ కాగితం మీద భూమి యజమాని సంతకం ఉండాలి. సంతకం పెడితే పొలం మీద హక్కు ఎక్కడ పోతుందోనని పెట్టనివాళ్లు ఎందరో. కాగితం లేకపోతే బ్యాంకు అప్పు లేదు, పంట బీమా లేదు, పంట పోతే వచ్చే సాయం లేదు. ఎకరానికి లక్షల్లో పెట్టుబడి పెట్టి మిర్చి వేసిన మనిషి ప్రభుత్వ లెక్కల్లో రైతే కాకుండా పోతాడు. పదకొండో నెల దాటగానే అతను ఆ పొలంలో వంగి పనిచేశాడని చెప్పే కాగితమే ఉండదు. నాలుగు వందల ఏళ్లు గుర్తుంచుకునే చక్రం చేయగల లోకంలోనే, ఒక మనిషి చాకిరీని పన్నెండో నెల దాకా గుర్తుంచుకునే ఏర్పాటు మేం చేసుకోలేదు.

నీ చంద్రుడి సంగతి ఇంకా అందం. నీలినింగి బిళ్ల మీద బంగారు చంద్రుడు రోజుకింత జరుగుతాడు. మామూలు చంద్రకళల గడియారంలో యాభై తొమ్మిది పళ్ల చక్రం ఉంటుంది. రెండున్నరేళ్లు దాటాక అది ఒక్క రోజు తప్పుతుంది. మేలురకాల్లో నూట ఇరవై రెండేళ్లకు ఒక్క రోజే తేడా. ఐడబ్ల్యూసీ తన కొత్త చంద్రుడు నాలుగున్నర కోట్ల ఏళ్లకు గానీ ఒక్క రోజు తప్పడని లెక్క చెప్పింది. ఆకాశాన్ని ఇంత నమ్మకంగా కొలిచినందుకు నిన్ను మెచ్చుకోకుండా ఉండలేం.

ఆ చంద్రుణ్ణి మేం లెక్కపెట్టింది మాత్రం విత్తనం కోసం. జ్యేష్ఠ పున్నమి మాకు ఏరువాక పున్నమి. అరక కట్టి, ఎద్దుల కొమ్ములకు రంగులు పూసి, చేలోకి దిగే రోజు. సూర్యుడు ఏ నక్షత్రంలో ఉంటే అది ఆ పదమూడు, పద్నాలుగు రోజుల కార్తె. రోళ్లు పగిలే రోహిణి పోయి మృగశిర వస్తే నాలుగు చినుకుల కోసం మొహం పైకెత్తి చూస్తాం. చాంద్రమాన సంవత్సరం సౌర సంవత్సరం కంటే పదకొండు రోజులు తక్కువ. ఆ తేడా కలుపుకోవడానికి పంతొమ్మిదేళ్లలో ఏడు అధిక మాసాలు వేసుకున్న లెక్క మా పెద్దలది. ఆ లెక్కంతా దేనికి? పండుగలు రుతువు తప్పకూడదని, రుతువును బట్టి చేను నడవాలని.

2023ను తీసుకుందాం. ఆ ఏడు అధిక శ్రావణం వచ్చింది. ఆ ఆగస్టులో నీ కిటికీలో రెండుసార్లు నిండు చంద్రుడు కనిపించాడు. రెండుసార్లూ నువ్వు సరిగ్గానే చూపించావు. అదే ఆగస్టు, 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశం మొత్తానికి అన్నిటికంటే పొడి ఆగస్టు. మిర్చి నారు నాటాల్సిన నెల అది. మొక్క బతికించుకోవడానికి ట్యాంకర్లతో నీళ్లు మోసుకున్నారు. ఎలాగో నిలబెట్టుకున్న చేను మీదికి డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. పత్తి తడిసి నల్లబడింది, మిర్చి మొక్క నీళ్లలో నిలబడి వేరు కుళ్లింది. ఆగస్టు ఒకటి నుంచి డిసెంబరు ఐదు దాకా నీ డయల్ మీద ఒక్క తేదీ కూడా తప్పిపోలేదు. వానకు, ఎండకు, గాలికి సంబంధం లేకుండా చెప్పడమే నీ గొప్ప. చేనుకు పనికిరాకపోవడం కూడా అక్కడి నుంచే వచ్చింది. క్యాలెండరును పొలంలో పుట్టించింది మేం. మట్టి దులిపి, బంగారు పెట్టెలో పెట్టి తీసుకెళ్లింది నువ్వు.

నీ అరుదుతనాన్ని కూడా పొగడాలి. పాటెక్ ఫిలిప్ 1941 నుంచి దాదాపు పదమూడేళ్ల పాటు 1518 అనే నంబరుతో క్యాలెండరు, స్టాప్‌వాచీ కలిసిన గడియారం తయారుచేసింది. మొత్తం 281. వాటిలో ఉక్కుతో చేసినవి నాలుగే బయటపడ్డాయి. 2016 నవంబరు 12న జెనీవాలో ఫిలిప్స్ వేలంలో ఆ నాలుగింటిలో ఒకటి కోటీ పది లక్షల స్విస్ ఫ్రాంకులకు పైగా పలికింది. అప్పటి మారకంలో దాదాపు 75 కోట్ల రూపాయలు. బంగారం కూడా కాదు, ఉక్కు. తక్కువగా ఉండటమే దాని విలువ.

ఆ తేదీకి నాలుగు రోజుల ముందు, 2016 నవంబరు 8 రాత్రి, మన దేశంలో ఐదు వందలు, వెయ్యి నోట్లు రద్దయ్యాయి. నవంబరు మాకు పత్తి తీత నెల. తెల్లగా విచ్చిన కాయ చెట్టు మీద ఆగదు. మంచు పడితే రంగు మారుతుంది, గాలికి రాలి మట్టి పడుతుంది. తీసేవాళ్లకు సాయంత్రానికి కూలి ఇవ్వాలి, ఇవ్వడానికి చిల్లర నోటు లేదు. బ్యాంకు ముందు వరసలో నిలబడితే చేను పోతుంది, చేలో నిలబడితే వరస పోతుంది. ఆ వారం జెనీవాలో సుత్తి దెబ్బతో ఒక ఉక్కు గడియారానికి 75 కోట్లు పలికాయి. ఆ రెండు సంగతులకూ కార్యకారణ సంబంధం లేదు. ఒకే వారంలో లోకం దేనికి తొందరపడిందో, దేన్ని వరసలో నిలబెట్టిందో చూడటానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

నీకు 1518 లాంటి నంబర్లున్నట్టే మా మిర్చికీ నంబర్లున్నాయి. 334, 341 అంటే గుంటూరు మిర్చి యార్డులో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. 334ను తయారుచేసింది గుంటూరు పక్కనే ఉన్న లాం పరిశోధనా కేంద్రం. దాని వెనకా ఏళ్ల తరబడి కష్టం ఉంది, ఎందరో శాస్త్రవేత్తల చూపు ఉంది. తేడా ఒక్కటే. నీది తక్కువ చేస్తే ధర పెరుగుతుంది. మాది బాగా పండితే ధర పడిపోతుంది. 2023లో తేజ రకం క్వింటాలు 20 వేలు దాటింది.  2025 ఫిబ్రవరికి యార్డులో ధర ఎంతగా కుంగిందంటే, కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. ఆ లెక్కన జెనీవాలో అమ్ముడైన ఆ ఒక్క గడియారం అరవై వేల క్వింటాళ్లకు పైగా ఎండుమిర్చితో సమానం. ఎకరానికి ఇరవై క్వింటాళ్లు వేసుకుంటే మూడు వేల ఎకరాల పంట. ఆ పంటలో నారు పోసినవాళ్లు, నాటినవాళ్లు, కర్నూలు వైపు నుంచి పిల్లాపాపలతో వలస వచ్చి కాయ కోసినవాళ్లు, మొహానికి గుడ్డ కట్టుకుని కల్లంలో తాలు ఏరిన ఆడవాళ్లు, టిక్కీలు మోసిన హమాలీలు, ఇంతమంది ఉన్నారు. లెక్కలో వాళ్లెవరూ కనపడరు.

నిన్ను కోరుకున్నవాళ్ల ఓపిక కూడా మెచ్చదగిందే. దుకాణంలో పేరు రాయించుకుని ఏళ్లు ఆగుతారు. ఎప్పుడిస్తారో చెప్పరు, అయినా ఆగుతారు. ఆగేకొద్దీ నీ మీద గౌరవం పెరుగుతుంది. మా దగ్గర ఆగడానికి ఇంకో రూపం ఉంది. ఒక కమీషన్ కొట్టు ముందు సరుకు కాటా అయ్యాక జరిగే మాటలు ఈ మైదానంలో ఎవరికైనా తెలిసినవే.

“డబ్బులెప్పుడిస్తారండీ?”

“వచ్చే వారం రా బాబాయ్. పార్టీ దగ్గర నుంచి ఇంకా రాలేదు.”

“పిల్ల ఫీజు కట్టాలండీ. పురుగుమందుల కొట్టాయన కూడా ఇంటికొచ్చాడు.”

“నేనెక్కడికి పోతాను బాబాయ్? వచ్చే వారం.”

ఆ ‘వచ్చే వారం’ ఏ తేదీనో నీలాంటి నూరేళ్ల యంత్రానికి కూడా అంతుపట్టదు. ఆ లోగా అప్పు మీద నూటికి రెండు రూపాయల వడ్డీ మాత్రం రోజు తప్పకుండా పెరుగుతుంది. ధర లేదని శీతల గిడ్డంగిలో పెడితే దాని అద్దె ఇంకొకటి. నీ కోసం ఆగినవాడికి ఆగినంత కాలం గౌరవం పెరుగుతుంది. ఇక్కడ ఆగినవాడికి ఆగినంత కాలం బాకీ పెరుగుతుంది.

నీకు జరిగే సేవ చూస్తే ముచ్చటేస్తుంది. కట్టుకోకుండా వదిలేస్తే నువ్వు కొద్ది రోజుల్లో ఆగిపోతావు. తిరిగి తేదీ, వారం, నెల, చంద్రుడు అన్నీ సరిచేయడం ఓపికతో కూడిన పని. అర్ధరాత్రి దగ్గర్లో తొందరపడి మీట నొక్కితే లోపలి పళ్లు దెబ్బతినే ప్రమాదమూ ఉంది. అందుకే నిన్ను మోటారు పెట్టెలో పెట్టి మెల్లగా తిప్పుతూ ఉంటారు. తేమ తగలనివ్వరు.

తేమ మాకూ తెలిసిన మాటే. భారత పత్తి సంస్థ సీసీఐ కొనుగోలు కేంద్రంలో పత్తి బోరేలోకి మీటరు ముల్లు గుచ్చుతారు. ఎనిమిది శాతం లోపు ఉంటే పూర్తి మద్దతు ధర. తొమ్మిది, పది, పదకొండు అంటూ పెరిగేకొద్దీ ధర తగ్గుతుంది. పన్నెండు దాటితే బండి వెనక్కి తిప్పుకోవాల్సిందే. ఆ అంకె పైకి ఎక్కుతున్నంతసేపూ రైతు కళ్లు దాన్ని వదలవు. నీ సెకన్ల ముల్లును కూడా ఎవరూ అంత ఆత్రంగా చూసి ఉండరు. 2025 సీజనులోనైతే కపాస్ కిసాన్ యాప్‌లో స్లాటు దొరికితేనే ఆ ముల్లు దాకా వెళ్లగలిగేది. స్లాటు వచ్చేలోపు వాన పడితే తేమకు రైతే జవాబుదారీ. నిన్ను తడవకుండా కాపాడే పెట్టెలు అంగట్లో దొరుకుతాయి. కల్లంలో ఆరబోసిన కాయ మీద కప్పడానికి టార్పాలిన్ పట్టాలు మాత్రం మబ్బు పట్టిన రోజున దొరకవు.

చట్టం కూడా నిన్ను ఆదరించింది. స్విట్జర్లాండు సహా నాలుగు దేశాలతో మన దేశం చేసుకున్న వ్యాపార ఒప్పందం 2025 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. స్విస్ గడియారాల మీద దిగుమతి సుంకం ఏడాదికి కొంత చొప్పున తగ్గుతూ ఏడేళ్లలో పోతుంది. ఏ ఏడు ఎంత తగ్గాలో ముందే రాసిపెట్టారు. వ్యాపారమంటే అలా ముందుచూపుతోనే సాగాలి, కాదనను. అదే ఏడు ఆగస్టు 19న విదేశీ పత్తి మీద ఉన్న 11 శాతం సుంకాన్ని కూడా ఎత్తేశారు. ముందు సెప్టెంబరు ఆఖరు దాకా అన్నారు, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. అంటే మా పత్తి అంగడికి వచ్చే మూడు నెలలూ అందులోనే పడ్డాయి. ఆ సీజనుకు పొడుగు పింజ పత్తికి క్వింటాలుకు 8,110 రూపాయల మద్దతు ధర కాగితం మీద ఉండేది. చేలో పత్తి పూత మీదున్నప్పుడు, విత్తనం, ఎరువు, మందు అన్నీ కొనేశాక, ఆట నియమం మారింది. నీకు ఏడేళ్ల ముందు మాట ఇచ్చినవాళ్లు రైతుకు ఒక్క సీజను ముందు మాట ఇవ్వలేదు.

చివరగా నీ వారసత్వం. తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి వెళ్లేలా నిన్ను చేస్తారు. 1985లో ఐడబ్ల్యూసీలో కుర్ట్ క్లౌస్ అనే పనివాడు డావించి గడియారంలో నాలుగంకెల సంవత్సరం కూడా కనిపించేలా క్యాలెండరు అమర్చాడు. ఒకే మర తిప్పితే అన్నీ కలిసి కదులుతాయి. మనవడి మనవడి కాలాన్ని కూడా ఊహించిన మనిషి ఆయన. ఆ తర్వాత రెండేళ్లకు, 1987-88లో, ప్రకాశం, గుంటూరు పత్తి చేల మీద తెల్లదోమ పడింది. మందు మీద మందు కొట్టినా దోమ చావలేదు. అప్పులు తీరే దారి లేక రైతులు ఆ మందే తాగారు. వాళ్ల కొడుకులకు అందిన వారసత్వం పురుగుమందుల కొట్టులో బాకీ చిట్టా. తర్వాత గులాబీ రంగు పురుగు వచ్చింది, 2021లో మిర్చి పూతలో నల్ల తామర పురుగు వచ్చింది. పురుగు పేరు మారింది గానీ చిట్టా పేజీలు అలాగే నిండుతున్నాయి.

చేతి గడియారం మీద ఈ మైదానానికి పగేమీ లేదు. పెళ్లిలో అల్లుడికి సైకిలు, రేడియో, వాచీ పెట్టిన రోజులు మావి. 1961లో సిటిజన్ కంపెనీ సాయంతో హెచ్‌ఎంటీ గడియారాలు మొదలయ్యాక, జనతా పేరుతో వచ్చిన చేతివాచీ ఎందరి మణికట్టు మీదో దశాబ్దాలు నడిచింది. రోజూ పొద్దున్నే మర మెలేస్తే చాలు. సాగర్ కుడి కాలువ కింద అర్ధరాత్రి నీటి వంతు వచ్చిందో లేదో చూసుకోవడానికి, తూము దగ్గర పక్క చేనువాడితో తగువు లేకుండా గంటలు పంచుకోవడానికి ఆ వాచీ పనికొచ్చింది. దానికి లీపు సంవత్సరం తెలియదు. వంతు ఎవరిదో తెలియజెప్పింది. 2016లో హెచ్‌ఎంటీ గడియారాల కంపెనీ మూతబడింది. ఇప్పుడు దాన్ని కూడా అరుదైన వస్తువుగా ఏరి దాచుకుంటున్నారు.

గడియారమా, నీ పనితనంలో నాకు ఒక్క లోపమూ కనిపించలేదు. ముందుచూపు, ఓర్పు, మాట తప్పకపోవడం, చిన్న గాటును కూడా వదలని శ్రద్ధ, అన్నీ నీలో ఉన్నాయి. మనుషులకు అవన్నీ చేతనవునని రుజువు చేసింది నువ్వే. ఆ రుజువే మా మీద నేరం మోపుతోంది. ఈ నేల అడుగుతున్నవి నాలుగే తేదీలు. కాలువకు నీళ్లు వదిలే తేదీ. విత్తనం వేసేలోపు కౌలు కాగితం చేతికందే తేదీ. మొదటి పత్తి తీతకు ముందే కొనుగోలు కేంద్రం తెరిచే తేదీ. కాటా అయ్యాక డబ్బు పడే తేదీ. వీటికి నాలుగు వందల ఏళ్ల చక్రం అక్కర్లేదు. ఒక ఉత్తర్వు, ఒక బడ్జెట్ పద్దు, అడిగితే జవాబు చెప్పే ఒక అధికారి చాలు. నీ ఫిబ్రవరి మీద పెట్టిన శ్రద్ధలో నూరో వంతు ఈ నాలుగు తేదీల మీద పెట్టాల్సిందిగా మా శాసనసభ్యుల్ని, అధికారుల్ని, వ్యాపారుల్ని, నిన్ను కట్టుకుని తిరిగే మా ఊరి ధనవంతుల్ని అడుగుతున్నాను. అది జరిగేదాకా నిన్ను ఎంత పొగిడినా, ఆ పొగడ్త వాళ్లకూ నాకూ శిక్ష కిందే లెక్క.